హెల్మెట్‌లో గుడ్డు

పొద్దున జరిగింది ఇది. మూడుసార్లు కుంకుడుకాయ రసంతో రుద్దుకున్నా నీచు వాసన ఇంకా పోలేదు, కాబట్టి కాస్త చిరాకు కనిపిస్తే ఏమనుకోకండి.

మాది తణుకు పక్కన ఊరు. చుట్టూ కోళ్ళ ఫారాలే, గుడ్డు కావాలంటే వీధి చివర కొట్టుకెళ్తే చాలు. అయినా మా బావమరిది వింటేగా. "పెరట్లో నాలుగు నాటుకోళ్ళు పడేసుకో బావా, ఖర్చేం లేదు, వంటింటి చెత్త తింటాయి, పురుగూపుట్రా ఏరేస్తాయి, ఎరువు ఫ్రీ" అని చెప్పి చెప్పి, సంక్రాంతికి వస్తూ అయిదు పెట్టల్నీ ఒక పుంజునీ గంపలో తెచ్చి దింపేసి పోయాడు. పురుగుల సంగతి నిజమే, చెదలు కనిపిస్తే వాటికి పండగే, కాకపోతే మా ఆవిడ వేసిన తోటకూర మొలకలు కూడా గీకి అవతల పోశాయి. కోళ్ళ ఎరువు పచ్చిది వేస్తే మొక్క మాడిపోద్ది, బాగా మాగాకే వెయ్యాలి అన్న ముక్క మిరప మొక్కలన్నీ మాడాక ఫోన్ చేస్తే అప్పుడు చెప్పాడు, "అయ్యో, తెలీదా బావా?" అని.

సరే అది వదిలేయండి. బ్యాంకు నుంచి కేవైసీ ఇమ్మని మెసేజ్. ఏడాదిలో ఇది మూడోసారి. శుక్రవారం లోపు ఇవ్వకపోతే ఖాతా ఆపేస్తారట. నా మొహం, నా ఆధారు, నా సంతకం నాలుగు నెలలకోసారి ఏం మారిపోతాయో నాకైతే తెలీదు. ఆ చిరాకులో, చెవి దగ్గర ఫోన్‌లో బావమరిది ఏదో వాగుతుంటే, అరుగు మీద వెల్లకిలా ఉన్న హెల్మెట్ లాగి ఒక్క ఊపున నెత్తిన బోర్లించా. టప్ మంది. ఏదో వెచ్చగా తగిలింది. ఎండ కదా, చెమట అనుకున్నా.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ పెట్టల కోసం నేను చెక్కతో గూడు కొట్టించా, లోపల ఎండుగడ్డి పరిచా, ఒక్కటంటే ఒక్కటి అందులో గుడ్డు పెట్టలేదు. పెట్టకి ఏం కావాలంటే చీకటిగా, గుంటగా, మెత్తగా, జనం తొక్కిసలాట లేని చోటు కావాలి. నా హెల్మెట్‌కి ఈ నాలుగూ ఉన్నాయి, పైగా ఐఎస్ఐ మార్కు.

బ్యాంకు మెట్ల దగ్గరకొచ్చేసరికి ఎడమ కనుబొమ్మ మీదకి పచ్చసొన దిగింది. అప్పుడర్థమైంది. తలుపు మీద పెద్ద అక్షరాలతో బోర్డు, హెల్మెట్ తీసి లోపలికి రావలెను అని.

"హెల్మెట్ తీయండి సార్" అన్నాడు సెక్యూరిటీ.

"తీయలేనండి."

"ఎందుకు తీయలేరు?"

ఏం చెప్తాం చెప్పండి. నెత్తి మీద గుడ్డు పగిలింది అంటే నమ్మే మొహమా ఆయనది? తలనొప్పి అన్నా, జలుబు అన్నా, చివరికి మొక్కు అని కూడా అన్నా. ఆయన చెయ్యి మెల్లగా తుపాకీ మీదకి పోయింది. ఆ తుపాకీ పేలేది కాదని ఊరందరికీ తెలుసు గానీ, వెనక క్యూలో ఉన్నవాళ్ళు మాత్రం రెండడుగులు వెనక్కేశారు. ఇంక దారి లేక తీశా. పెంకు ముక్కొకటి చెవి మీద నిలబడింది, మిగతాది కాలర్‌లోకి జారింది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఫ్యాన్ చప్పుడు తప్ప.

పెన్షన్ కోసం కూర్చున్న పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని అడిగాడు, "నాటుదా, ఫారందా?"

"నాటుదేనండి."

"అదీ! సొన రంగు చూడగానే అనుకున్నా. బాగా ఆకూ అలమూ తింటున్నాయి మీ కోళ్ళు."

పక్కనే ఒకావిడ, "తలకి మంచిదే బాబూ, అరగంట ఉంచుకుని కడిగేసుకో, కుదుళ్ళు గట్టిపడతాయి" అంది. సెక్యూరిటీ ఆయన నన్ను పక్కకి పిలిచి, గొంతు తగ్గించి, డజను ఎంతకిస్తారు అన్నాడు. ఇందాక తుపాకీ పట్టుకున్నది ఈయనే!

కౌంటర్ దగ్గర సంగతి చెప్పను. సర్వర్ డౌన్. రేపు రమ్మన్నారు.

ఇంటికొచ్చి హెల్మెట్ కడిగి, అరుగు మీద ఎండలో పెట్టి, స్నానం చేసొచ్చేసరికి ఆ పెట్టే మళ్ళీ అందులో ఎక్కి కూచుంది. ఒళ్ళంతా ఉబ్బించుకుని, చెయ్యి పెడితే పొడుస్తోంది. పొదుగుకొచ్చిందట. మా ఆవిడ "పాపం" అంటూ దాని కింద నాలుగు గుడ్లు కూడా సర్దేసింది, ఇంక కదిలిస్తే ఊరుకోనంది. బావమరిదికి ఫోన్ చేశా. "వనరాజా కోళ్ళు తెస్తానంటే నువ్వే నాటువి కావాలన్నావ్ కదా బావా, వనరాజా అయితే ఈ పొదుగు గోల పెద్దగా ఉండదు" అన్నాడు. నేనెప్పుడన్నానండీ?

పిల్లలు బయటికి రావాలంటే 21 రోజులు. బ్యాంకు గడువు ఎల్లుండి. మెయిన్ రోడ్డు మీద హెల్మెట్ లేకపోతే 1000 రూపాయల చలానా.