కొత్త డయాలసిస్ మెషీన్ సారుకి ఒక బహిరంగ లేఖ

మెషీన్ సారూ, నమస్కారం.

మీరు మా ఇంట్లో దిగి చాన్నాళ్ళే అయింది, ఇంకా మనిద్దరికీ పొసగలేదు. నోటితో చెప్తే మీరు వినరు, మీరు చెప్పేదేమో మా ఇంట్లో సగం మందికి అర్థం కాదు, అందుకే ఈ లెటరు.

ముందు నా సంగతి చెప్తా, కంపెనీ వాళ్ళు మీకు చెప్పి పంపినారో లేదో. తిరుపతి, బైరాగిపట్టెడ. లెక్కల టీచర్ని. కిడ్నీలు రెండూ చేతులెత్తేసినాక వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు సెంటర్లో పడుకోని రక్తం శుద్ధి చేయించుకునే దారి ఒకటుంది, ఇంట్లోనే కడుపులోకి నీళ్ళు ఎక్కించుకోని దించుకునే పెరిటోనియల్ డయాలసిస్ ఇంకొకటి. బడికి పోవాల కాబట్టి రెండోదే పట్టుకున్నా. మొదట్లో చేత్తోనే, రోజుకి నాలుగుసార్లు, రెండేసి లీటర్లు. స్టాఫ్ రూంలో బ్యాగు తగిలించుకోని కూర్చోలేక, రాత్రి నేను నిద్రపోతే తనే ఎక్కించి, ఉంచి, దించే సైక్లర్‌కి మారినా. అంటే మీ ముందరి ఆయన.

ఆ పాతాయన పెద్ద తెలివిగలాయనేం కాదు సారూ. ఆకుపచ్చ బటన్ ఒకటి, ఎర్ర బటన్ ఒకటి, ఒక లైను అక్షరాలు, అంతే. కానీ కూస్తే ఎందుకు కూసినాడో మా ఆయన కళ్ళు తెరవకుండానే చెప్పేసేవాడు, "ట్యూబు నీ నడుము కింద పడింది, ఇటు తిరుగు" అని. తిరిగితే నోరు మూసుకునేవాడు. అట్లాంటాయన్ని ఒకరోజు సప్లై అబ్బాయి వచ్చి "ఈ మోడల్‌కి క్యాసెట్లు, అదే మెషీన్‌కి తగిలించే ట్యూబుల సెట్లు, ఇంక రావు మేడం, కొత్తది ఇస్తా ఉండారు, టచ్ స్క్రీన్, మాట్లాడతాది కూడా, సూపరుంటాది" అని ఎత్తుకోని పోయినాడు. నన్ను ఒక మాట అడిగినారా అంటే, ఆ, అడిగినారు, డెలివరీకి ఇంట్లో ఎవరైనా ఉంటారా అని.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. పాతాయన డ్రెయిన్ లైను, అంటే పొట్టలోంచి దిగిన నీళ్ళు పోయే ట్యూబు, మంచం కాడ నుంచి బాత్రూంలో పెట్టిన క్యాన్ దాకా హాయిగా పోయేది. మీది గడప కాడికి వచ్చి ఆగిపోయింది. ఎక్స్‌టెన్షన్ లైను ఇండెంట్ పెట్టినాం మేడం అన్నారు, అది ఇంకా దారిలోనే ఉంది, బహుశా నడిచి వస్తా ఉండాదేమో. సరే మంచమే తిప్పుదాం అనుకుంటే ప్లగ్గు ఒక పక్క, బాత్రూం ఇంకో పక్క, మీరేమో మంచానికి సమానంగా కూర్చోవాల, మరీ పైన కూడదు, మరీ కింద కూడదు, అన్నీ కుదిరే దిక్కు ఒకే ఒక్కటి దొరికింది, ఆ దిక్కులో నా తల ఉత్తరానికి వచ్చింది. మా అత్త తలుపు కాడ నిలబడి చూసింది. "ఏం పాపా, ఉత్తరం తల పెట్టుకోని పండుకుంటావా? కాళ్ళు యాడికి వస్తాయో చూసినావా? నేరుగా యముడి ఇంటికి దోవ చూపిస్తా ఉండాయి" అనింది. డాక్టర్లు ఎన్ని చెప్పినా వింటా గానీ, కిడ్నీలు పోయినదాన్ని, యముడి విషయంలో మా అత్త మాట తీసెయ్యడానికి నాకు ధైర్యం చాల్లేదు.

అందుకని దిండు ఇటు నుంచి అటు మార్చినాం. తల దక్షిణానికి వచ్చింది, అత్త శాంతించింది, ట్యూబు కూడా చాలింది, కానీ మీరు నా కాళ్ళ కాడికి పోయినారు. నడిరాత్రి మీరు కూసినప్పుడల్లా పొట్టకి ట్యూబుతో లేచి కూర్చోని మంచం చివర దాకా జరగాల. ఒక రాత్రి విసుగొచ్చి కాలు చాపి చూసినా. సారూ, మీ టచ్ స్క్రీన్ బొటనవేలికి కూడా పలుకుతాది! మీలో నాకు నచ్చిన మొదటి ఫీచర్ అదే.

ఇంతకీ ఎందుకు కూస్తారు? నీళ్ళు దిగడం నెమ్మదిగా ఉందని. దిగేదాకా "ప్లీజ్ వెయిట్" అని ఒక అమ్మాయి గొంతుతో ఇంగ్లీషులో చెప్తారు. మా అత్తేమో "ఎవురమ్మా ఆ పిల్ల, ఈ టైంలో" అని పక్క గదిలోంచి కేక. వైకుంఠం కాంప్లెక్స్ కంపార్ట్‌మెంట్లలో తలుపు ఎప్పుడు తీస్తారో తెలియకుండా కూర్చున్నా ఇంత విసుగు రాలేదు నాకు, అక్కడ కనీసం పాలు, ఉప్మా వస్తాయి. "చెక్ యువర్ పొజిషన్" అంటారు ఇంకోసారి. పొద్దున నర్సమ్మకి ఫోన్ చేస్తే ఆమె పొజిషన్ ఊసే ఎత్తదు, మొదటి ప్రశ్నే "మోషన్ ఫ్రీగా అయిందా అమ్మా?" అని. పేగులు నిండి ఉంటే లోపల ట్యూబుని నొక్కేస్తాయంట, నీళ్ళు దిగవంట. సిరప్ తాగినాక ఆ రాత్రి మీరు ఒక్కసారి కూడా కూయలేదు. అంత స్క్రీన్ పెట్టుకోని ఆ ఒక్క ప్రశ్న మీరెందుకు అడగరో.

అడగరు గానీ చాడీలు మాత్రం బాగా చెప్తారు. రాత్రి ఎంత ఎక్కింది, ఎంత దిగింది, నేను ఎన్ని నిమిషాలు ముందే విప్పేసుకున్నా, అంతా పొద్దున్నకల్లా ఆస్పత్రిలో కంప్యూటర్‌కి పోతాది. పెళ్ళికని తెల్లారుజామునే లేచిన రోజు తొమ్మిదికల్లా ఫోన్, "ఏమ్మా, త్వరగా ఆపేసినారే" అని. క్లాస్ లీడర్లు బోర్డు మీద పేర్లు రాస్తే పిల్లలకి ఎట్లుంటాదో ఇప్పుడు తెలిసింది, సోమవారం నుంచి మా క్లాసులో ఆ పద్ధతి తీసేసినా. నిజం చెప్పాల, దీంట్లో మేలు లేకపోలేదు. ఒంట్లో నీళ్ళు సరిగా బయటికి రావడం లేదని డాక్టరుగారు అక్కడి నుంచే చూసి ఒక బ్యాగు 1.5 శాతం నుంచి 2.5 శాతం డెక్స్‌ట్రోజ్‌కి, అంటే చక్కెర ఎక్కువుండి ఒంట్లో నీళ్ళని ఇంకా గట్టిగా లాగేదానికి, మార్చినారు, కాళ్ళ వాపు తగ్గింది, ఒక రోజు సెలవు కూడా మిగిలింది. ఆ మార్కులు మీకు వేసేసినా.

కానీ క్యాన్‌లో నీళ్ళు తేటగా ఉన్నాయా, కలకబారినాయా అని చూసేది ఇప్పటికీ మా ఆయన కళ్ళే. కలకబారితే ఇన్‌ఫెక్షన్, పరిగెత్తాల. ట్యూబు తగిలించేటప్పుడు తిరుపతి మే నెల ఎండలో ఫ్యాన్ ఆపి, కిటికీలు మూసి, మాస్కు పెట్టుకోని చెమటలు కక్కేది మేము, మీరు కాదు. నా పొట్టలో ఉండే ట్యూబు 1968లో టెంకాఫ్ అనే డాక్టర్ చేసిన మోడలే సారూ, ఇప్పటికీ అదే. దానికి స్క్రీన్ లేదు, గొంతు లేదు, దాని గురించి సూపరుంటాది మేడం అని ఎవరూ చెప్పలేదు.

ఇంకో పెద్దాయన ఉన్నాడు మా ఇంట్లో, గోడకి కొట్టిన మేకు. మొన్న గాలివానకి కరెంటు పోయి, ఇన్వర్టర్ కూడా చేతులెత్తేసి, మీరు కళ్ళు మూసుకుంటే, చేత్తో చేసే బ్యాగు దానికే తగిలించినాం. నీళ్ళు పైనుంచి కిందికి దిగినాయి, అంతే. పాస్‌వర్డ్ అడగలేదు.

నా కోరికలు పెద్దవేం కాదు. ఆ లైను త్వరగా తెప్పించండి. తెలుగు నేర్చుకోండి, హిందీ వచ్చింది కదా మీకు. రాత్రి ఒంటిగంట నుంచి నాలుగు దాకా ప్రాణం మీదికి వస్తే తప్ప కూయొద్దు, ఫస్ట్ పీరియడ్ టెన్త్ క్లాస్‌కి త్రికోణమితి చెప్పాల.

ఇట్లు,
మీ పేషెంటు

తా.క.: దసరాకి ఆయుధపూజలో మీకూ బొట్టు పెట్టాలని మా అత్త పట్టు. పూలు, విభూతి దగ్గరికే రాకూడదని నేను చెప్పినా, ఎట్లనో వెనకపక్క, గాలి రంధ్రాలకి దూరంగా, ఒక కుంకుమ బొట్టుకి ఒప్పించింది. బొట్టు పెట్టినాక కాలితో తాకకూడదంట, కాబట్టి అప్పటికల్లా లైను రావాల. ఈ బొట్టు సంగతి మాత్రం నర్సమ్మకి పంపొద్దు.