ర్యామ్ అంటే ర్యామే సార్

"ర్యామ్ అంటే ర్యామే సార్. ఏదైనా పడుతుంది."

సికింద్రాబాద్‌లో ఒక రిపేరు షాపు పెద్దమనిషి నాకు చేసిన ఉపదేశం ఇది. ఇంత స్వచ్ఛమైన అద్వైతం నేను ఏ మఠంలోనూ వినలేదు. ర్యామ్ అనే ఈ కంప్యూటరు జ్ఞాపకశక్తి పలకల్లో డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 అని తరాల తేడాలు వెతికేది మనలాంటి అజ్ఞానులు. జ్ఞానికి అన్నీ ఒకటే, పచ్చటి పలక.

నా ల్యాప్‌టాప్ 2014 నాటిది. 4 జీబీతో పుట్టింది, బ్రౌజర్లో మూడో ట్యాబు తెరిస్తే మూలుగుతుంది. దానికి కావలసింది డీడీఆర్3ఎల్. ఆ చివరి 'ఎల్' అందం కోసం పెట్టింది కాదు. మామూలు డీడీఆర్3కి 1.5 వోల్టులు కావాలి, ఇది 1.35తో సరిపెట్టుకుంటుంది. నాలుగో తరం ఇంటెల్ ల్యాప్‌టాప్‌లో మామూలుది వేస్తే చాలావరకు అది లేవనే లేవదు. ఈ ముక్క తెలుసుకోవడానికి నేను రెండు రాత్రులు మేలుకున్నాను. ఆయన రెండు సెకన్లలో తేల్చేశాడు.

"ఎల్ అంటే లాంగ్ సార్. పొడుగుది. మీది చిన్నది కదా."

ముందు డీడీఆర్4 తెచ్చాడు. "కొత్త మోడల్, ఫాస్టుగా ఉంటుంది." ల్యాప్‌టాప్ డీడీఆర్3కి 204 పిన్నులు, డీడీఆర్4కి 260. మధ్యలో గాడి కూడా వేరే చోట ఉంటుంది. ఇలాంటి చేతుల్లో పడతామని తెలిసే అలా కోశారు కాబోలు. ఆయన అటు తిప్పి పెట్టాడు. ఇటు తిప్పి పెట్టాడు. బొటనవేలితో నొక్కాడు. "కొంచెం టైటు సార్, కొత్తది కదా" అన్నాడు, నాలుగు రోజులు వాడితే వదులయ్యే చెప్పుల జత గురించి చెప్పినట్టు. తర్వాత పక్కనున్న కుర్రాణ్ణి పిలిచి "అటు గట్టిగా పట్టుకోరా" అన్నాడు. ఇద్దరూ నా మదర్‌బోర్డు మీదికి వంగారు. నేను కౌంటరు ఇవతల నిలబడి ఇలవేల్పును తలుచుకున్నాను.

తర్వాత డీడీఆర్3 తెచ్చాడు, ఎల్ లేనిది. టక్కున కూర్చుంది. ఆయన నావైపు గర్వంగా చూశాడు. బటన్ నొక్కితే స్క్రీన్ నల్లగానే ఉంది, లోపల్నుంచి కుయ్ కుయ్‌మని కూత. అప్పుడు జేబులోంచి పెన్సిల్ రబ్బరు తీశాడు. బంగారు రంగు పిన్నుల్ని రెండో తరగతి పిల్లాడు తప్పు లెక్క చెరిపినంత శ్రద్ధగా రుద్దాడు, ఉఫ్‌మని ఊదాడు, మళ్ళీ పెట్టాడు. కుయ్. మళ్ళీ రుద్దాడు. నిజం చెప్పాలంటే పిన్నుల మీద మురికికి ఆ వైద్యం బాగానే పనిచేస్తుంది. వోల్టేజీ మాత్రం రబ్బరుతో చెరగదు. మూడోసారి రుద్దాక తీర్పు చెప్పాడు: "మదర్‌బోర్డు పోయింది సార్."

ఊడదీసిన పాత ముక్క అప్పటిదాకా బల్ల మీదే ఉంది. దాని స్టిక్కరు మీద పీసీ3ఎల్-12800 అని, అంటే డీడీఆర్3ఎల్ అనే, శుభ్రంగా అచ్చయి ఉంది. అది చూపిస్తే, సొరుగులో వెతికి అలాంటిదే 8 జీబీది తీశాడు. పెట్టగానే ల్యాప్‌టాప్ లేచింది.

"చెప్పాను కదా సార్, ఏదైనా పడుతుందని."

నాకు ఆయన మీద కోపం లేదు. ఆయన తప్పు ముక్క తెచ్చాడు, నిజమే. తేవడానికి అక్కడ స్లాటంటూ ఒకటి ఉంది.

2012లో యాపిల్ రెటినా మ్యాక్‌బుక్ ప్రోలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేసింది. తర్వాత సన్నటి ల్యాప్‌టాప్‌ల వాళ్ళు చాలామంది అదే దారి పట్టారు. బ్యాటరీ ఎక్కువసేపు వస్తుందట, పలుచగా ఉంటుందట. పలుచదనం ఎవడడిగాడయ్యా? అప్పడం కొంటున్నామా? ఇలాంటి ర్యామ్‌ను కూడా ఊడదీసి మార్చుకునేలా పెట్టొచ్చని 2023 డిసెంబరులో క్యామ్2 అని ప్రమాణం వచ్చింది. దారి ఉందని తెలిసీ ఎన్ని మోడళ్ళు ఇంకా అతికించే వస్తున్నాయి! పెట్టె మీద '8 జీబీ' బొటనవేలంత అక్షరాల్లో ఉంటుంది, 'ఆన్‌బోర్డ్' అన్న మాట చీమ తలకాయంత. ఆ చీమ తలకాయకు అర్థం, మీకు 16 కావాల్సిన రోజున ల్యాప్‌టాప్ మొత్తం మళ్ళీ కొనాలని. ఒక చిన్న పలకతో పోయే పనికి ఇంకో ల్యాప్‌టాప్ అమ్ముకునే ఏర్పాటు ఇది. దీన్ని డిజైన్ అంటారా? సిగ్గుండాలి.

మా మేనల్లుడికి ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో బావగారు వాయిదాల మీద 8 జీబీ ల్యాప్‌టాప్ కొన్నారు. రెండో ఏడు ఆండ్రాయిడ్ స్టూడియో, ఎమ్యులేటరు కలిపి తెరిస్తే అది బిగుసుకుపోతోంది. వాయిదాలు ఇంకా నడుస్తున్నాయి. "మామయ్యా, ర్యామ్ వేయిద్దాం" అన్నాడు. నేను వాణ్ణి అదే షాపుకి తీసుకెళ్ళాను.

పెద్దమనిషి అడుగు మూత విప్పాడు. కళ్ళజోడు సర్దుకున్నాడు. టార్చి వేసి చూశాడు. బోర్డు ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. కుర్రాణ్ణి పిలవలేదు. చెయ్యి అలవాటుగా జేబులోకి వెళ్ళి, రబ్బరు సగం బయటికి వచ్చి, మళ్ళీ లోపలికి పోయింది.

"పెట్టడానికి చోటే లేదు సార్" అన్నాడు మెల్లగా. స్క్రూలన్నీ ఒక్కొక్కటే బిగించి ఇచ్చాడు. డబ్బులు తీసుకోలేదు.