మచ్చలేని సర్వీసు రిజిస్టరు

పన్నెండేళ్ల కొలువులో శత్రువు మీద ఒక్క టార్పెడో కూడా పేల్చని ఉద్యోగిని మీరేమంటారో నాకు తెలియదు. బ్రిటన్ మాత్రం మ్యూజియంలో కూర్చోబెట్టింది.

ఆ ధన్యజీవి పేరు హాలండ్-1. రాయల్ నేవీకి మొట్టమొదటి జలాంతర్గామి. 1901 అక్టోబరు 2న బారో పట్టణంలో చడీచప్పుడు లేకుండా నీళ్లలోకి దించారు. బంధువులకు కబురైనా పెట్టలేదు. దీని రూపకర్త జాన్ హాలండ్ ఒకప్పటి ఐర్లండ్ బడిపంతులు. అంతకు ఇరవై ఏళ్ల ముందు అమెరికాలో ఆయన కట్టిన పడవకు ఐరిష్ విప్లవకారులు చందాలేశారు, బ్రిటిష్ ఓడల్ని ముంచమని! ఆ చేత్తోనే ఇప్పుడు బ్రిటిష్ వారికీ నమూనా అందింది. పంతులుగారికి పాఠం ఒక్కటే, విద్యార్థులే మారారు.

ఇక వసతులు. అరవై నాలుగడుగులైనా నిండని గొట్టంలో ఎనిమిది మంది సిబ్బంది, ఒక పెట్రోలు ఇంజను, కొన్ని తెల్ల ఎలుకలు. ఎలుకలది భద్రతా విభాగం. గాలి విషమైతే ముందుగా అవి సొమ్మసిల్లాలి. 1903లో పెట్రోలు ఆవిరి పేలి నలుగురు గాయపడ్డారు. ఎలుకల దగ్గర సంజాయిషీ అడిగినట్టు లేదు.

నీళ్లలోంచి పైకి చూసే గొట్టం, పెరిస్కోపు, ఇంకా ఘనం. ముందుకు చూస్తే ఓడ నిటారుగా, పక్కకు తిప్పితే పడుకుని, వెనక్కి తిప్పితే తలకిందులుగా కనిపించేది. తలకిందులైన ఓడను మునిగిపోయిన ఖాతాలో రాసేస్తే సగం యుద్ధం కాగితం మీదే గెలవచ్చు.

అసలు యుద్ధం ఒక్కసారి గుమ్మందాకా వచ్చింది. 1904 అక్టోబరులో జపాన్ మీదికి బయల్దేరిన రష్యా నౌకలు ఉత్తర సముద్రంలో ఇంగ్లీషు చేపల పడవల్ని శత్రువులనుకుని కాల్చాయి. మనవాడు తోటి జలాంతర్గాములతో కలిసి కదిలాడు. అంతలోనే వెనక్కి రమ్మన్నారు.

ముప్పై అయిదు వేల పౌండ్ల పడవ 1913లో 410 పౌండ్లకు పాత ఇనుములో పోయింది. లాక్కెళుతుంటే ఎడిస్టన్ లైట్‌హౌస్ దగ్గర, లోపల ఎవరూ లేని సమయం చూసి మునిగింది. ఎవరి ఉత్తర్వూ లేకుండా తీసుకున్న ఏకైక నిర్ణయం అదే. అడుగునే అరవై తొమ్మిదేళ్లు! 1981లో ఆచూకీ దొరికింది, 1982లో పైకి తీశారు. ప్రదర్శనకు పెడితే తుప్పు తిరగబెట్టింది. నాలుగేళ్లు బట్టల సోడా నీళ్లలో నానబెట్టారు.

ఇప్పుడు ఇంగ్లండులోని గాస్‌పోర్ట్‌లో, దాని కోసమే కట్టిన భవనంలో ఉంది. లోపలి గాలిలో తేమ పెరగకుండా యంత్రాలు కాపలా కాస్తుంటాయి. ఎలుకల్ని మాత్రం మళ్లీ డ్యూటీకి పిలవలేదు.