కీప్యాడ్ ఫోన్‌కు రోజుకో జీబీ ఎందుకు?

కీప్యాడ్ ఫోన్ వాడే పెద్దవాళ్లకు రోజుకో జీబీ ప్యాక్ వేయడం ఇకనైనా ఆపండి. రీచార్జి దుకాణాల వాళ్లకు చెప్తున్నా. హైదరాబాద్‌లో ఉండి ఫోన్‌లో నుంచే ఇంటికి రీచార్జి కొట్టే కొడుకులకు, బిడ్డలకు ఇంకా గట్టిగా చెప్తున్నా.

ఈమధ్య హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక దుకాణంలో నిలబడ్డాను. నా ముందు ఒక పెద్దమ్మ. నర్సంపేట అవతలి పల్లె నుంచి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో చూపించుకోవడానికి వచ్చిందట. చేతిలో చిన్న ఫోన్, వెనక డొప్ప ఊడిపోకుండా రబ్బరు బ్యాండు చుట్టి ఉంది. బటన్ల మీద అంకెలు సగం చెరిగిపోయినయ్.

"ఫోన్ పోతలేదు బిడ్డా, జర చూడు."

"ప్యాక్ అయిపోయిందమ్మా. మూడు వందలది ఏస్తున్న."

"గన్ని పైసలా? మొన్ననే ఏపిస్తి గదా!"

"ఇరవై ఎనిమిది రోజులే అది. రోజుకు ఒక జీబీ నెట్ వస్తది."

"నాకు నెట్ ఎందుకయ్యా? మా బిడ్డ ఫోన్ చేస్తె ఎత్తుత, గంతే."

ఆ పిలగాడు చెడ్డోడు కాదు. అతని ఫోన్‌లో పైన కనబడే ప్యాక్ అదే, చేయి అలవాటుగా దాని మీదికే పోతుంది. వెనక నలుగురు నిలబడి ఉన్నారు. కానీ ఆ ఫోన్‌లో ఒక్క ఎంబీ కూడా ఖర్చయ్యే దారి లేదు. రోజూ రాత్రి పన్నెండు కొట్టంగానే ఆ జీబీ పోతుంది, తెల్లారితే ఇంకో జీబీ వస్తుంది, అదీ పోతుంది. పైసలు మాత్రం ఆమెవి.

ఎయిర్‌టెల్ ధరలతోనే లెక్క చూద్దాం. 2024 జూలైలో ప్రైవేటు కంపెనీలన్నీ రేట్లు పెంచినప్పటి నుంచి 28 రోజులకు రోజుకో జీబీ ప్యాక్ 299 రూపాయలు. ఏడాదికి 13 సార్లు వేయాలి, 3887 అవుతుంది. అదే కంపెనీ 2025 జనవరిలో నెట్ లేకుండా కాల్స్, మెసేజ్‌లు మాత్రమే ఉండే ప్యాక్ తెచ్చింది: 365 రోజులకు 1849. తేడా 2038 రూపాయలు. మన తెలంగాణలో వృద్ధాప్య పింఛను నెలకు 2016. అంటే నెట్ వాడని ముసలమ్మ, వాడని నెట్ కోసం ఏడాదికి ఒక నెల పింఛను మొత్తం కట్టి, ఆపైన ఇంకో ఇరవై రెండు రూపాయలు కడుతోంది. నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఒక నెల మందుగోళీలు, ఒక నెల పాలు, ఒక నెల ఊరికి బస్సు చార్జీలు అందులో ఉన్నాయి.

మాటల ప్యాక్ ఒకటి ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. యాప్‌లో అది కిందికి జరుపుకుంటూ జరుపుకుంటూ పోతే ఎక్కడో కనబడుతుంది.

ఆ ప్యాక్ కూడా కంపెనీలు దయతలచి ఇచ్చింది కాదు. 2024 డిసెంబరులో ఫోన్ కంపెనీల మీద అజమాయిషీ చేసే కేంద్ర సంస్థ ట్రాయ్ నియమం తెచ్చింది: ప్రతి కంపెనీ కాల్స్‌కు, ఎస్సెమ్మెస్‌లకు మాత్రమే పనికొచ్చే వోచరు కనీసం ఒకటైనా అమ్మాలి, అలాంటి వోచర్లకు 90 రోజుల దాకా ఉన్న గడువు పరిమితిని 365 రోజులకు పెంచుతున్నాం అని. ఉప్పు కోసం దుకాణానికి పోతే పప్పు కూడా కొంటేనే ఉప్పు ఇస్తా అన్నట్టు నడుస్తున్న వ్యాపారానికి అది అడ్డుకట్ట. మరి కంపెనీలు ఏం చేసినయ్? ఎయిర్‌టెల్‌లో 84 రోజులకు 6 జీబీతో 509 ప్యాక్ ఉండేది. అందులోంచి 6 జీబీ తీసేసి 499 అన్నారు. పది రూపాయలు తగ్గించి మాటల ప్యాక్ అని పేరు పెట్టారు. జనం తిట్టారు, ట్రాయ్ కూడా ఈ వోచర్లను పరిశీలిస్తామన్నది. కొన్ని రోజుల్లోనే 499 కాస్తా 469 అయింది, 1959 ఉన్న ఏడాది ప్యాక్ 1849 అయింది. జియో కూడా 458ని 448 చేసింది. గట్టిగా అడిగితే తగ్గుతుందని దీన్నిబట్టి తెలుస్తూనే ఉంది.

ఇంతకుముందు ఇట్ల లేదు. పది రూపాయల టాపప్ వేసుకుని నెలల తరబడి ఇన్‌కమింగ్ మీదనే బతికిన రోజులు అందరికీ గుర్తే. మిస్డ్ కాల్ ఇస్తే అవతలివాళ్లే చేసేవాళ్లు. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక కాల్స్‌కు లెక్క లేకుండా పోయింది, నెట్ అగ్గువైంది, అది నిజమే, కాదనను. కానీ 2018 చివర్లో కనీస రీచార్జి మొదలైంది. 28 రోజులకు 35 రూపాయలు వేయకపోతే ఫోన్ మూగబోవుడే. ఎయిర్‌టెల్‌లో 2021 జూలైలో 49 ప్యాక్ ఎత్తేసి 79ని కనీసం చేశారు, అదే ఏడాది చివర 99, 2023లో చాలా ప్రాంతాల్లో 155, 2024 జూలైలో 199. ఆరేళ్లలో ఎంత అయిందో చూడండి. స్మార్ట్‌ఫోన్ ఉన్నవాడికి ఈ పైసలకు ఏదో ఒకటి ఎక్కువ దొరికింది. ముసలమ్మకు అప్పుడూ ఇప్పుడూ దొరికేది ఒక్కటే: బిడ్డ ఫోన్ చేస్తే మోగుడు.

కాబట్టి ప్లాన్ చూసేటప్పుడు జీబీ సంగతి పక్కన పెట్టి ముందు రోజుకు ఎంత పడుతుందో చూడండి. ధరను రోజులతో భాగించడమే. ఎయిర్‌టెల్ 199 ప్యాక్ 28 రోజులకు, అంటే రోజుకు ఏడు రూపాయల పైన. 299 అయితే పది రూపాయల అరవై ఎనిమిది పైసలు. 84 రోజుల మాటల ప్యాక్ 469 అయిదున్నర చిల్లర. జియో 448 కూడా 84 రోజులే, అయిదు రూపాయల ముప్పై మూడు పైసలు. ఏడాది ప్యాక్ 1849 అయితే అయిదు రూపాయల పైన ఏడు పైసలు. ధరలు మారుతూనే ఉంటయ్, మీరు చదివేనాటికి ఇవి ఇట్లనే ఉండకపోవచ్చు. భాగహారం మాత్రం మారదు. గడువు తగ్గిస్తే పట్టుకునేది కూడా అదే. బీఎస్ఎన్ఎల్ 107 ప్యాక్‌నే తీసుకోండి, 35 రోజులు ఉండేది, 2025లో ధర అదే ఉంచి రోజులు తగ్గించారు. 107 అనే అంకె మారలేదు కాబట్టి పెరిగినట్టు ఎవరికీ అనిపించలేదు. ప్రభుత్వ సంస్థ అయినా, ప్రైవేటు కంపెనీ అయినా ఈ పద్ధతి నాకు నచ్చదు.

28 రోజుల సంగతి కూడా చెప్పాలి. పింఛను నెలకోసారి, జీతం నెలకోసారి, కిరాయి నెలకోసారి, ప్యాక్ మాత్రం 28 రోజులకు. ఏడాదికి పదమూడో రీచార్జి అట్లనే వచ్చి కూర్చుంటుంది. 30 రోజుల ప్యాక్ ఒకటి, ప్రతి నెలా అదే తారీకుకు వచ్చే ప్యాక్ ఒకటి తప్పకుండా ఉండాలని 2022 జనవరిలోనే ట్రాయ్ చెప్పింది. ఉన్నాయి కూడా. జియో 319 అట్లాంటిదే, ఈ నెల ఏ తారీకున వేస్తే వచ్చే నెల అదే తారీకు. దుకాణంలో అడిగితేనే చెప్తారు.

జియో సిమ్ గురించి ఒక మాట. జియోకు 2జీ నెట్‌వర్క్ లేదు. పాత కీప్యాడ్ ఫోన్‌లో ఆ సిమ్ పనిచేయదు, 4జీ ఉన్న ఫోనే కావాలి. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్ ఎట్లాగూ పాడైపోయి కొత్తది కొంటున్నారంటే, 2023 జూలైలో 999 రూపాయలకు వచ్చిన జియో భారత్ ఫోన్ ఆలోచించదగ్గదే. దానికి ప్రత్యేకంగా 28 రోజులకు 123 రూపాయల ప్యాక్ పెట్టారు, కాల్స్‌తో పాటు 14 జీబీ. రోజుకు నాలుగు రూపాయల నలభై పైసలు కూడా పడదు. కాకపోతే ఆ ప్యాక్ ఆ ఫోన్‌కే, ఆ ఫోన్ ఆ కంపెనీకే. వాళ్ల సిగ్నల్ మీ ఊర్లో లేకపోతే చేతిలో డబ్బా మిగులుతుంది.

సిగ్నల్ దగ్గరే మనవాళ్లు చాలామంది బోల్తా పడుతున్నారు. వరంగల్, కాజీపేటలో ఏ సిమ్ అయినా నడుస్తుంది. అట్ల ములుగు దాటి తాడ్వాయి, ఏటూరునాగారం పక్క అడవిలోకి పోతే లెక్క మారుతుంది. ఒక గూడెంలో ఒక కంపెనీ, పక్క గూడెంలో ఇంకోటి, కొన్ని చోట్ల గుట్ట ఎక్కితేనే ఏదో ఒకటి. మేడారం జాతర అప్పుడు సిగ్నల్ బాగుందని సిమ్ మార్చుకోవద్దు, జాతర కోసం తాత్కాలికంగా పెట్టిన టవర్లు ఏడాదంతా ఉండవు. కంపెనీలు తమ నెట్‌వర్క్ ఎక్కడెక్కడ ఉందో మ్యాపు వెబ్‌సైట్‌లో పెట్టాలని ట్రాయ్ 2024లో ఆదేశించింది, ఒకసారి చూడండి. అంతకన్నా నమ్మకమైన పని ఇంకోటుంది: పక్కింటివాళ్ల ఫోన్ తీసుకుని మీ అమ్మ పడుకునే అర్రలో నిలబడి ఒక కాల్ చేయండి. వాకిట్లో కాదు, అర్రలో. రాత్రిపూట ఛాతిలో నొప్పి లేస్తే ఆమె వాకిట్లోకి వచ్చి ఫోన్ చేయదు.

నెట్ దండగ అని నేను అందరికీ చెప్పడం లేదు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పక్క కొడుకో పెనిమిటో గల్ఫ్‌లో ఉన్న ఇళ్లు ఎన్నో. దుబాయ్‌లో వాట్సాప్ కాల్ పోదు, బోటిమ్ లాంటి యాప్‌లలో మాట్లాడుకుంటారు. రెండేళ్లకోసారి వచ్చే కొడుకు ముఖం చూడాలంటే ఆ తల్లికి నెట్ కావాలి, అన్నం ఎంతో అదీ అంతే. ఆమెకు 299 పిరం కాదు. బీడీలు చుట్టుకుంటూ ఫోన్‌ను గోడకు ఆనించి మనవడిని చూపించే ఆడవాళ్లను చూసినవాడిని, ఆ నెట్ ఎవరూ తగ్గించొద్దు. హన్మకొండలో రూమ్ తీసుకుని గ్రూప్స్‌కు చదివే పిల్లలకు కూడా అంతే, క్లాసులన్నీ ఫోన్‌లోనే. వాళ్లకు చెప్పేది ఒక్కటే: రూమ్‌లో వైఫై ఉంటే రోజుకు రెండు జీబీల ప్యాక్ అవసరమా అని ఒకసారి చూసుకోండి. 2024లో రేట్లు పెంచినప్పుడు అపరిమిత 5జీని ఆ రెండు జీబీల ప్యాక్‌లకు, అంతకు పైవాటికి ముడిపెట్టారు కాబట్టి అందరూ అటే పోతున్నారు. ఫోన్ 4జీది అయితే ఆ 5జీతో పనే లేదు.

బ్యాంకు ఓటీపీల కోసం రెండో సిమ్ పెట్టుకున్నవాళ్లు మస్తుగ ఉన్నారు. 90 రోజులు వాడకపోయినా ఖాతాలో 20 రూపాయలు నిల్వ ఉంటే నంబరు తీసేయకూడదని 2013 నుంచి ట్రాయ్ నియమం ఉంది. కానీ 2025లో ఇది వాట్సాప్‌లో తిరిగినప్పుడు 20 రూపాయలు వేస్తే కాల్స్, మెసేజ్‌లు అన్నీ వస్తయన్నట్టు రాశారు. అది కాదు. నంబరు మీ పేరు మీద ఉంటుంది, అంతే. ప్యాక్ గడువు దాటితే ఓటీపీ వస్తుందని నమ్ముకోవద్దు. పంట పైసలు, పింఛను పైసలు పడే ఖాతాకు ఏ నంబరు ఇచ్చారో ఆ నంబరుకే ఎప్పుడూ ప్యాక్ ఉండేటట్టు చూడండి, రెండోది పోతే పోనియ్యండి. నంబరు పోయాక 90 రోజులు దాటితే దాన్ని ఇంకొకరికి ఇచ్చేయొచ్చు, అప్పుడు మీ బ్యాంకు మెసేజ్‌లు పోయేది ఎవరికో తెలియని మనిషికి.

కంపెనీ మారాలంటే భయపడే పనిలేదు. ఇంగ్లిష్‌లో పోర్ట్ (PORT) అని రాసి, కొంచెం జాగా వదిలి, మీ నంబరు కొట్టి 1900కు మెసేజ్ పెడితే కోడ్ వస్తుంది. అది నాలుగు రోజులు పనిచేస్తుంది. ప్యాక్‌లో మెసేజ్‌లు లేకపోయినా ఈ ఒక్క మెసేజ్ పోనియ్యాలని 2021 డిసెంబరులోనే ట్రాయ్ చెప్పింది, మొదట రీచార్జి చేయమని ఎవరన్నా అంటే వినొద్దు. ఇప్పుడున్న నెట్‌వర్క్‌లో 90 రోజులు నిండి ఉండాలి. మిగిలిన బ్యాలెన్సు, మిగిలిన రోజులు కొత్త కంపెనీకి రావు, అందుకని ప్యాక్ అయిపోయే ముందు మారడం మంచిది.

ఇక ట్రాయ్‌ను నేను అడిగేది ఒకటే. మాటల ప్యాక్ తెమ్మన్నారు, ప్రైవేటు కంపెనీలు 84 రోజులవీ, అంతకంటే పొడుగువీ తెచ్చినయ్. నెలకు అంటూ ఒకటి తేలేదు. అగ్గువగా పడే ప్యాక్ కొనాలంటే ఒక్కసారే 469 తీయాలి, ఏడాదిది అయితే 1849, దాదాపు నెల పింఛను మొత్తం. రోజుకూలి చేసేవాళ్లు అన్ని పైసలు ఒక్కసారి ఎట్ల తీస్తరు? చేతిలో రెండు వందలే ఉన్నవాడు రోజుకు ఏడు రూపాయలు కడుతుంటే, రెండు వేలు ఉన్నవాడు అయిదు రూపాయలు కడుతున్నాడు. నెల రోజులకు, నూటయాభై లోపు, నెట్ లేని ప్యాక్ ఒకటి ప్రతి కంపెనీ అమ్మాలని నియమంలో రాయాలి. రోజుకు అయిదు రూపాయల లెక్కనే అది, ఏడాది ప్యాక్‌లో వాళ్లు ఇప్పటికే ఒప్పుకున్న రేటుకు దగ్గరదే.

అది వచ్చేదాకా, జీతం తీసుకునే కొడుకులూ బిడ్డలూ, ఆ ఏడాది ప్యాక్ మీరే ఒకసారి కొట్టండి. ఊర్లో వేరేవాళ్లతో వేయిస్తే, దుకాణంలో ఇట్ల అడగమని అమ్మకు నేర్పండి: "నెట్ వద్దు, ఎనభై నాలుగు రోజుల కాల్స్ ప్యాక్ ఉంటది గదా, అదే ఏయి." వాళ్లు లేదని అంటే, యాప్‌లో ఇంకొంచెం కిందికి జరిపి చూడమని చెప్పమనండి.