కలుపుకోవాలంటే ముందు బయటికి పంపాలి

పాశ్చాత్య దేశాల్లో ఒపేరా అనే పాటల నాటకానికి ఒక దీర్ఘవ్యాధి ఉంది. జనం రారు. వచ్చేది తల నెరిసినవాళ్ళు, జేబు బరువైనవాళ్ళు. పుట్టుకతో వచ్చిన జబ్బు అది. 1598 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లారెన్స్‌లో, ఒక శ్రీమంతుడి ఇంట్లో, ఆయన ఏరి పిలిచిన అతిథుల ముందు పుట్టింది. మామూలు మనిషి డబ్బిచ్చి టికెట్ కొనుక్కుని లోపలికి అడుగుపెట్టాలంటే 1637లో వెనిస్‌లో ఒపేరా హౌస్ తెరిచేదాకా ఆగాల్సొచ్చింది. అప్పట్నుంచీ పాపం తలుపులు తెరుస్తూనే ఉన్నారు. పాట అర్థం కావట్లేదంటే 1983లో టొరంటోలో స్టేజీ నెత్తిన దాని అర్థం అక్షరాల్లో వేశారు. అంత రేటు పెట్టలేమంటే 2006లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరా వాళ్ళు సినిమా హాళ్ళలోకి లైవ్ ఇచ్చారు. ఆడదాన్ని చంపుతుంటే మేం చప్పట్లు కొట్టాలా అన్న ప్రశ్న వచ్చాక, 2018లో అదే ఫ్లారెన్స్‌లో ‘కార్మెన్’ అనే ఒపేరా ముగింపు తిప్పేసి, చావాల్సిన నాయిక చేతికి పిస్తోలు ఇచ్చారు. మొదటి రోజు అది పేలలేదు. ఆశయం మంచిదే, తుపాకీయే సహకరించలేదు.

వాళ్ళ పాట్లు చూసి మన విశాఖ సాంస్కృతిక పెద్దల మనసు కరిగింది. మనకీ ఒక ఒపేరా ఉంది కదా, దాని పేరు పద్యనాటకం కదా, దాన్ని కూడా అన్ని వర్గాలకీ, ముఖ్యంగా నేటి యువతకీ చేరువ చేయాలని బీచ్ రోడ్డు హోటళ్ళలో సదస్సులు జరుగుతున్నాయి. సముద్రం కనిపించే గదుల్లో సమాజం గురించి బాగా ఆలోచించవచ్చు. ఈ ప్రయత్నాన్ని నేను పూర్తిగా సమర్థిస్తున్నాను.

ఒక్కటే చిక్కు. ఎవర్నయినా లోపలికి కలుపుకోవాలంటే ముందు వాళ్ళు బయట ఉండాలి. మన పద్యనాటకానికి మొన్నమొన్నటిదాకా బయట అనేదే లేదు. అమ్మవారి జాతరకి, శ్రీరామనవమికి పందిరి వేస్తే అందులోకి తలుపు ఎక్కడ? టికెట్ ఎక్కడ? రాత్రి పదింటికి మొదలైతే తెల్లారేదాకా ఆట. చాప తెచ్చుకున్నవాడిది ముందు వరస. పిల్లలు దుప్పట్లో పడుకుని యుద్ధం సీనుకి లేచేవాళ్ళు. ఓనమాలు రానివాడికి తిరుపతి వెంకట కవుల రాయబారం పద్యాలు కంఠతా వచ్చేవి. నటుడు ఒక్క పాదం మింగేస్తే వెనకనుంచి, “ఏటి బాబూ, మూడో పాదం ఇంటికాడ ఒగ్గేసొచ్చీసినావా?” అని కేక. రాయబారానికి ఒక కృష్ణుడు, పడక సీనుకి ఇంకో కృష్ణుడు కావాలని కాంట్రాక్టరుకి చెప్పేది కూడా ఆ జనమే. పద్యం నచ్చితే వన్స్ మోర్. చచ్చిపోయిన పాత్ర కూడా లేచి, మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చిపోయేదని పెద్దవాళ్ళు చెప్పుకుంటారు.

ఇంకా దారుణం ఉంది. బలిజేపల్లి లక్ష్మీకాంతం హరిశ్చంద్ర నాటకం రాశారు. అందులో కాటి సీను ఉంది, దానికి ఆయన పద్యాలు ఆయన రాసుకున్నారు. అయినా నటులు గుర్రం జాషువా శ్మశానవాటి పద్యాలు తెచ్చి ఆ సీనులో పాడారు. జనం వదల్లేదు. బతికున్నంతకాలం కులం పేరుతో అవమానాలు పడ్డ కవి పద్యాలు, రాజుగారు కాటికాపరిగా నిలబడ్డ చోటికి నడిచొచ్చి కూర్చున్నాయి. ఇప్పటికీ చాలామంది అవి నాటకంలోవే అనుకుంటారు. ఇంత పెద్ద పని ఒక్క కమిటీ వెయ్యకుండా, ఒక్క నివేదిక లేకుండా, కన్సల్టెంటుకి రూపాయి ముట్టకుండా జరిగిపోయింది. ఇలాంటివి చూస్తే బాధ్యత గలవాళ్ళకి టెన్షన్ రాదా?

అంచేత ముందు జనాన్ని బయటికి పంపే పని చేపట్టాల్సొచ్చింది. ఇందులో మన నగరం చూపిన దీక్ష గురించి ఎవరూ రాయకపోవడం అన్యాయం. పందిరిలోంచి నాటకాన్ని ఏసీ హాల్లోకి తెచ్చారు. ప్రవేశం ఉచితమే, ఆహ్వానపత్రం ఉంటే చాలు. కార్డు మీద సాయంత్రం ఆరు అని అచ్చేస్తారు. స్టీల్ ప్లాంటులో షిఫ్టు దిగి బస్సెక్కినవాడికీ, పూర్ణా మార్కెట్లో కొట్టు కట్టేయాల్సినవాడికీ ఆరింటికి రావడం కుదరదు. అందుకే ఆ టైము.

ఆరున్నరకి జ్యోతి ప్రజ్వలన. ఏసీ గాలికి ఒత్తి ఆరిపోతుంది. పెద్దలు చేతులు అడ్డుపెడతారు. ఫొటో సరిగ్గా రాలేదని వెలిగిన ఒత్తినే మళ్ళీ వెలిగిస్తారు. తర్వాత వక్తలు. ప్రతి ఒక్కరూ “రెండు ముక్కలు చెప్పి ముగిస్తాను” అని మొదలుపెట్టి, పద్యం మన జాతి సొత్తు, ప్రపంచంలో ఏ భాషకీ లేని సంపద అని వివరిస్తారు. ఒక్క పద్యమూ చదవరు, సమయాభావం. ఈలోగా గ్రీన్ రూములో నాలుగింటికే రంగేసుకున్న దుర్యోధనుడు కిరీటం ఒళ్ళో పెట్టుకుని, అంటించిన మీసం తడవకుండా పై పెదవి పళ్ళకి నొక్కిపట్టి, పేపర్ కప్పులో టీ చప్పరిస్తుంటాడు. కృష్ణుడు నీలం చెంపల మీద చెమటని టవలుతో అద్దుకుంటూ, “మన సీను ఎంతకి కోసినారు?” అని అడుగుతాడు. “ఆరు పద్యాలు తీసీసినారండి. ఉన్నవాటికి రాగాలు కూడా తీసీమన్నారు” అంటాడు హార్మోనియం ఆయన.

ఎనిమిదీ నలభైకి తెర లేస్తుంది. శాలువాలు, జ్ఞాపికలు చంకన పెట్టుకుని అతిథులు లేచిపోతారు, ఇంకో ప్రోగ్రాముంది. ముందు సోఫాలు ఖాళీ. వెనకవాళ్ళు వచ్చి కూర్చోకుండా తాడు మాత్రం అలాగే ఉంటుంది. తొమ్మిదిన్నరకి హాలు వాచ్‌మన్ తాళాలగుత్తి ఆడిస్తూ తలుపు దగ్గర నిలబడతాడు. సంధి కుదరకముందే, యుద్ధం ఖాయం కాకముందే మంగళం. కురుక్షేత్రాన్ని ఆపడం కృష్ణుడి వల్ల కాలేదు గానీ మన వాచ్‌మన్ వల్ల అవుతోంది.

ఇలా కొన్ని దశాబ్దాలు కష్టపడ్డాక ఇప్పుడు బయట బోలెడంతమంది పోగయ్యారు. ఇక కలుపుకోవచ్చు. సదస్సుల్లో వినిపించే సూచనలకి నావి కొన్ని జోడిస్తాను.

మొదట హరిశ్చంద్రుడు. సత్యం కోసం రాజ్యం వదిలేసి, ఆలిని అమ్మి, కాటికాపరి అయ్యాడంటే నేటి యువత కనెక్ట్ కాదు. విశ్వామిత్రుడి బాకీకి వన్ టైమ్ సెటిల్మెంట్ పెట్టిస్తే కథ మొదటి అంకంలోనే సుఖాంతం అవుతుంది. కాటి సుంకం కట్టడానికి చంద్రమతి దగ్గర కాసు లేదంటారా, శ్మశానం గేటుకి క్యూఆర్ కోడ్ అతికిద్దాం. అప్పుడు జాషువా పద్యాలకి చోటెక్కడ అని మీరడగొచ్చు. ఆయన జయంతికి పాడిద్దాం, రెండు నిమిషాల్లో.

రాయబారానికి మాత్రం మార్పులు అక్కర్లేదు. దానంత నేటి నాటకం విశాఖలో ఇంకొకటి లేదు. అయిదూళ్ళు చాలంటాడు కృష్ణుడు, సూదిమొన మోపినంత కూడా ఇవ్వనంటాడు దుర్యోధనుడు. భోగాపురం విమానాశ్రయం మాట పుట్టిన దగ్గర్నుంచి ఆ చుట్టుపక్కల సెంటు ధర తెలిసినవాడెవడైనా దుర్యోధనుణ్ణి తప్పుపడతాడా? అయిదూళ్ళట! ఆనందపురం అవతల అయిదు ప్లాట్లు అడిగి చూడమనండి. ఈ నాటకాన్ని రియల్ ఎస్టేట్ వాళ్ళు స్పాన్సర్ చేయకపోవడం ఆశ్చర్యం.

‘చింతామణి’ విషయంలో మన రాష్ట్రం ఇటలీని మించిపోయింది. వాళ్ళు ముగింపు మార్చి ఊరుకున్నారు. మనం 2022 జనవరిలో మొత్తం నాటకాన్నే నిషేధించాం. సుబ్బిశెట్టి పాత్ర తమని కించపరుస్తోందని ఆర్యవైశ్యులు ఎన్నాళ్ళగానో మొత్తుకుంటున్నారు, ఆ బాధలో న్యాయం ఉంది కూడా. కాళ్ళకూరి నారాయణరావు సంస్కరణ కోసం రాసిన నాటకానికి పచ్చి బూతు పులిమింది దాన్ని ఏళ్ళ తరబడి ఆడిన బృందాలే. అయినా బూతు తీసేయడం కంటే నాటకం తీసేయడం తేలిక. లేని నాటకం ఎవర్నీ బయట పెట్టదు, ఎవర్నీ నొప్పించదు. ఈ లెక్కన మిగతా నాటకాలు కూడా ఒక్కొక్కటే ఆపుకుంటూ వెళ్తే ఎవరికీ ఏ ఫిర్యాదూ ఉండదు.

ఆడవాళ్ళ ప్రాతినిధ్యం మాట కూడా సదస్సుల్లో గట్టిగానే వినిపిస్తోంది. 1885లో మొదలైన సురభి వాళ్ళ నాటకాల్లో వాళ్ళింటి ఆడవాళ్ళే ఆడ వేషాలు కట్టారు. అయితే దానికి ముందు చర్చాగోష్ఠి పెట్టలేదు కాబట్టి లెక్కలోకి రాదు.

భాష సమస్య ఉందని ఒప్పుకోవాలి. మధురవాడ అపార్ట్‌మెంట్లలో పెరుగుతున్న పిల్లలకి పద్యం తలకెక్కదు. టొరంటో పద్ధతిలో స్టేజీ మీద తెర కట్టి అర్థం తెలుగులో వేద్దామన్నారు. వాళ్ళు తెలుగు చదవలేరని తెలిసింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు వేద్దామన్నారు. తల్లిదండ్రులు సంతోషించారు. పిల్లలు తల వంచుకుని ఫోన్ చూస్తున్నారు కాబట్టి ఆ అక్షరాలేవో ఫోన్లోకే పంపిస్తే నయం. రీల్సు కూడా చేద్దామనుకున్నారు గానీ రీలు నిడివి చాలక ఆలాపన ఒక రీలుగా, పద్యం ఇంకో రీలుగా విడిపోయాయి. ఆలాపన వైరల్ అయింది, కింద “మైక్ చెకింగా బ్రో?” అని కామెంట్లు.

జానపద కళాకారుల్ని ఇంకా కలుపుకోలేదన్న విమర్శ మాత్రం అబద్ధం. తప్పెటగుళ్ళ వాళ్ళని ఎప్పుడో కలుపుకున్నాం. మంత్రిగారు కారు దిగే చోట ఎండలో నిలబెడుతున్నాం కదా. రాత్రంతా కథ నడిపించే కళని కారు డోరు తీసినప్పట్నుంచి లిఫ్టు తలుపు మూసుకునేదాకా కుదించగలిగాం. సత్యభామ జడ చుట్టూ రాత్రంతా తిరిగే తూర్పు భాగవతానికి కూడా ఇదే పద్ధతి వర్తింపజేయాలి. మద్దెలలు అన్ని అక్కర్లేదు, ఒకటి చాలు, ఫొటోలో కనపడితే చాలు.

ఈ మధ్య ఒక వింత వార్త చెవిన పడుతోంది. ఉత్తరాంధ్ర పల్లెల్లో ఇంకా పండక్కి పందిరి వేసి, చందాలు పోగుచేసి, తెల్లారేదాకా పద్యనాటకం ఆడిస్తున్నారట. యువకులు కూడా వస్తున్నారట. ఫోనులో టార్చి వేసి కృష్ణుడి జేబుకి నోట్లు గుచ్చుతున్నారట. దీనిమీద వెంటనే నిజనిర్ధారణ సంఘం వేయాలి. మనం కలుపుకోకముందే కలిసిపోతే పద్ధతేముంది?

మొదటి సమ్మిళిత పద్యనాటక ప్రదర్శన త్వరలో ఉంటుంది. కలుపుకోబోయే వర్గాల కోసం వెనక మూడు వరసలు కేటాయించారు. పాసు కావాలంటే ఆధార్ జిరాక్సు, రెండు ఫొటోలు తీసుకుని ఆఫీసు వేళల్లో రావాలి. చాపలు, దుప్పట్లు, వేరుశనక్కాయలు అనుమతించబడవు. వన్స్ మోర్ అనదలచినవాళ్ళు ఏ పద్యానికో, ఎందుకో రాసి మూడు రోజుల ముందుగా దరఖాస్తు పెట్టుకోవాలి.