ఇంతకీ మెసేజ్ ఏంటన్నయ్యా?

మొన్న ఆదివారం రాత్రి మా తోడల్లుడికి, జాంబీ సినిమాల అమెరికన్ దర్శకుడు జార్జ్ రొమేరో మొదటి సినిమా చూపించాను. తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. 1968 నాటి 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్'. నలుపు తెలుపు, 96 నిమిషాలు. ఆ 96 నిమిషాల్లో ఆయన పన్నెండు మిరపకాయ బజ్జీలు తిన్నాడు, రెండుసార్లు ఫోన్ ఎత్తాడు, ఒకసారి "ఇది కలర్‌లో దొరకదా?" అన్నాడు. తెర మీద బెన్ అనే నల్లజాతి మనిషి రాత్రంతా, లేచొచ్చి మనుషుల్ని తినే శవాలతో పోరాడి ఒక్కడే మిగిలాడు. తెల్లారాక కాపాడ్డానికి వచ్చిన గుంపే అతన్ని శవం అనుకుని కాల్చింది, కొక్కేలతో లాక్కెళ్ళి మంటల్లో వేసింది. మా మరదలి చేతిలో సగం తిన్న బజ్జీ అలాగే ఉండిపోయింది. తోడల్లుడు మాత్రం వేళ్ళు నాక్కుని నా వైపు తిరిగాడు. "ఇంతకీ మెసేజ్ ఏంటన్నయ్యా?"

మెసేజ్ అంటే మన సినిమా భోజనంలో పెరుగన్నం. పప్పు, పులుసు, పూర్ణాలు ఎన్ని వడ్డించినా ఆఖర్న పెరుగన్నం పడకపోతే మావాడికి తిన్నట్టుండదు. హీరో కోర్టు బోనులో నిలబడి జడ్జిగారికి పది నిమిషాలు క్లాసు పీకాలి. అప్పుడే మర్నాడు ఆఫీసులో "మంచి మెసేజ్ ఉందండీ" అని చెప్పుకోవడానికి వీలవుతుంది. ఇలాంటి ప్రేక్షకుల హక్కుల్ని రొమేరో తొలిరోజుల్లో దారుణంగా కాలరాశాడు. పెద్దవాడయ్యాక బుద్ధి తెచ్చుకున్నాడు. ఈ పరిణామాన్ని నిష్పాక్షికంగా బేరీజు వేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బుద్ధి పూర్తిగా వచ్చిన సంవత్సరం 2007. సినిమా 'డైరీ ఆఫ్ ది డెడ్'. సినిమా కోర్సు చదివే పిల్లలు కెమెరా పట్టుకుని శవాల మధ్య తిరుగుతుంటారు, డెబ్రా అనే అమ్మాయి గొంతు మనకు అన్నీ విడమరిచి చెబుతుంటుంది. భయపెట్టడానికి అక్కడక్కడా సంగీతం కలిపానని కూడా మొదట్లోనే చెప్పేస్తుంది. దాగుడుమూతల్లో "నేను బీరువా వెనక ఉన్నానోచ్" అని అరిచే పిల్లని చూశారా, అలాగన్నమాట.

ఆ గొంతు 1968లోనే ఉండి ఉంటే ఎంత బాగుండేదో నేను ఊహించాను. రెండు రాత్రులు నిద్ర మానుకుని ఊహించాను.

పెన్సిల్వేనియాలో ఒక పాత ఫామ్‌హౌస్. బెన్ కిటికీలకు చెక్కలు బిగిస్తుంటాడు. "మనిషి తన భయాన్ని తానే మేకులు కొట్టి బిగించుకుంటున్నాడు" అంటుంది గొంతు. బెన్ సుత్తి ఆపి పైకి చూస్తాడు. ఎవరూ లేరు. మళ్ళీ కొడతాడు. "ప్రతి మేకూ ఒక అపనమ్మకం." దెబ్బ వేలి మీద పడుతుంది. సోఫాలో బార్బరా షాక్‌లో నోట మాట లేకుండా కూర్చుని ఉంటుంది. "ఈమె మౌనం సమాజపు మౌనం" అనగానే, పాపం, ఆ పిల్ల లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది. బయట పెట్రోలు ఒలికి ట్రక్కు అంటుకుంటుంది, లోపలున్న జంట కాలిపోతుంది. "ఇంధనం మీద ఆధారపడ్డ నాగరికత" అంటుంది గొంతు. చమురు సంక్షోభం రావడానికి ఇంకా 5 ఏళ్ళుంది, అయినా మెసేజ్ ముందే అందిపోయింది. విందుకొచ్చిన శవాలు కూడా మూతికంటిన చాక్లెట్ సిరప్ తుడుచుకుని (రక్తం బదులు వాడింది అదే) నోట్సు రాసుకోవడం మొదలెడతాయి. చివరికి తెల్లారుతుంది. బెన్ కిటికీ దగ్గరికొస్తాడు. అటువైపు ఒకడు తుపాకీ గురిపెడతాడు. "ఆగండి" అంటుంది గొంతు, "ఇక్కడ ముందుగా మనం అమెరికా చరిత్రను కొంచెం అర్థం చేసుకోవాలి." వాడు తుపాకీ దించుతాడు. షెరీఫ్ వాచీ చూసుకుంటాడు. ఎవరో కుర్చీలు తెస్తారు. ఆ ఉపన్యాసం అయ్యేలోపు బెన్ వెనక తలుపులోంచి బయటపడి, నడుచుకుంటూ ఇంటికెళ్ళిపోతాడు. ప్రాణాలతో! మెసేజ్ వల్ల ఇంతకన్నా ప్రయోజనం ఏముంటుంది?

కానీ బెన్ వెళ్ళలేదు. కాల్చారు. "మంటలోకి ఇంకొకటి" అన్నాడు షెరీఫ్, అంతే. స్క్రిప్టులో బెన్ నల్లజాతివాడని రాసి లేదని, ఆడిషన్‌లో డ్యుయేన్ జోన్స్ అందరికన్నా బాగా చేశాడు కాబట్టే తీసుకున్నామని రొమేరో ఎన్నోసార్లు చెప్పాడు. సినిమాలో ఒక్కరి నోటా జాతి మాట రాదు. తయారైన ప్రింటు కారులో పెట్టుకుని న్యూయార్క్ వెళ్తుంటే, నల్లజాతి హక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చేశారని రేడియోలో విన్నామని కూడా ఆయనే చెప్పాడు. 1968 ఏప్రిల్ 4 అది. ఇంకేం చెప్పాలయ్యా నీకు? కాఫీ తాగి, కుక్కల్ని వెంటేసుకుని, పిక్నిక్‌కి వచ్చినట్టు వచ్చిన ఆ మామూలు మనుషులు చాల్లేదా? చివర్లో వచ్చే, పేపర్లో అచ్చయినట్టు గరుకుగా ఉన్న ఆ ఫొటోలు చాల్లేదా? ఆ కొక్కేలు? ఇవన్నీ చూసి కూడా బజ్జీ నములుతూ మెసేజ్ అడిగేవాడికి ఏం చెప్పినా దండగే. మనిషిని కళ్ళముందే ఈడ్చుకెళ్తుంటే కింద క్యాప్షన్ కోసం వెతికే రకం ఇది. థియేటర్లోనే కాదు, రోడ్డు మీద కూడా అదే వెతుకుతుంది. దొరక్కపోతే ఇంటికొచ్చి అన్నం తిని పడుకుంటుంది.

క్షమించాలి. బేరీజులో ఉన్నాం కదా.

ఆ సినిమాలో ఇంకో సంగతి ఉంది. హ్యారీ కూపర్ అని ఒక చిరాకు మనిషి, కింద సెల్లార్‌లో దాక్కోవడమే భద్రం అని మొదట్నుంచీ గొడవ పెడతాడు. బెన్ వినడు. మనం బెన్ పక్షం. కానీ ఇంటి మీద శవాలు పడ్డాక బెన్ ప్రాణం నిలిచింది ఆ సెల్లార్‌లోనే. ఈ మాట సినిమా ఎవరికీ చెప్పదు. ఎప్పుడో అన్నం కలుపుతుంటే మనకే తట్టాలి.

1978లో 'డాన్ ఆఫ్ ది డెడ్'. పిట్స్‌బర్గ్ దగ్గర మన్రోవిల్ మాల్‌లో, రాత్రి దుకాణాలు మూశాక తీశారు. క్రిస్మస్ అలంకరణలు కట్టగానే ఆపేసి, విప్పాక మళ్ళీ మొదలెట్టారు. ఎస్కలేటర్ ఎక్కలేక తూలే శవాలు, వాటిలో ఒక నర్సు, ఒక నన్, ఒక హరేకృష్ణ భక్తుడు. "వీళ్ళు ఇక్కడికే ఎందుకొస్తున్నారు?" అని ఒకమ్మాయి అడిగితే, "అలవాటు, వీళ్ళ బతుకులో ఇది ముఖ్యమైన చోటు" అంటాడు ఆమెతోపాటు ఆ మాల్‌లో దాక్కున్న స్టీఫెన్. నిజాయితీగా చెప్పాలంటే ఇదీ మెసేజే. కాకపోతే ఒక్క వాక్యం. అదీకాక ఆ వాక్యం చెప్పిన స్టీఫెన్ చివర్లో తనే శవమై, అదే అలవాటు కొద్దీ, తాము దాక్కున్న చోటికి మిగతా శవాలకు దారి చూపిస్తాడు. మెసేజ్ ఇచ్చినవాడికి రొమేరో అప్పట్లో వేసే శిక్ష అది.

1985లో 'డే ఆఫ్ ది డెడ్', అందులో సెల్యూట్ కొట్టే బబ్. మాటలు దాదాపు రాని ఆ శవం ముందు సైనికులే శవాల్లా కనిపిస్తారు. తర్వాత 20 ఏళ్ళు శవాల సినిమా తీసే అవకాశమే ఆయనకు రాలేదు. ఇక మొదటి సినిమా సంగతి మీకు తెలిసిందే. పంపిణీదారు పేరు మార్చినప్పుడు కొత్త టైటిల్ కార్డు మీద కాపీరైట్ గుర్తు వేయడం మరిచారు. దాంతో అది ఊరుమ్మడి చెరువైపోయింది. ఎవడైనా ముంచుకోవచ్చు, ఎవడైనా అమ్ముకోవచ్చు. 2004లో 'డాన్' మళ్ళీ తీసినవాళ్ళు శవాలకు పరుగు నేర్పి డబ్బు చేసుకున్నాకే, 2005లో పెద్ద స్టూడియో ఆయన్ని పిలిచి 'లాండ్ ఆఫ్ ది డెడ్' ఇచ్చింది. పైన టవర్‌లో డబ్బున్నవాళ్ళు, కింద వాడలో లేనివాళ్ళు. ఎవరికైనా అర్థం కాలేదేమోనని టవర్ యజమాని వేషం కట్టిన డెనిస్ హాపర్ చేత "టెర్రరిస్టులతో బేరాల్లేవు" అనిపించారు. అయినా అందులో శవాలు నది అడుగునుంచి నడిచొచ్చి, రాత్రి నీళ్ళలోంచి ఒక్కొక్క తలా పైకెత్తే దృశ్యం ఉంది చూశారూ, అక్కడ ఎవరూ మాట్లాడరు. ముసలాయన చెయ్యి తిరిగినవాడే.

2009 నాటి 'సర్వైవల్ ఆఫ్ ది డెడ్' అచ్చంగా మన ఫ్యాక్షన్ కథ. ఒక దీవి, రెండు కుటుంబాలు, ఇద్దరు మొండి ముసలాళ్ళు, శవాల్ని చంపాలా ఉంచాలా అని పగ. (మనవాళ్ళు 2021లో కర్నూలు ఫ్యాక్షన్‌లో జాంబీల్ని కలిపి, ఏ మొహమాటం లేకుండా 'జాంబీ రెడ్డి' అని పేరు పెట్టారు.) చివర్లో చచ్చిన ఇద్దరు ముసలాళ్ళు పెద్ద చందమామ ముందు నిలబడి ఒకరి మీద ఒకరు ఖాళీ తుపాకులు పేలుస్తారు. ఆ బొమ్మని గోడకు తగిలించుకోవచ్చు. కానీ ఇక్కడా ఒక గొంతు వచ్చి, యుద్ధం ఎందుకు మొదలైందో చివరికి ఎవరికీ గుర్తుండదు అని మనకు వివరిస్తుంది.

'డైరీ'లో అందరికన్నా గొప్ప పాత్ర సామ్యూల్. అమిష్ రైతు, అంటే యంత్రాలకు దూరంగా బతికే ఒక క్రైస్తవ శాఖవాడు. చెవిటివాడు. పలక మీద రాసి చూపిస్తాడు. శవం వెనకనుంచి పట్టుకుంటే, కొడవలిని తన నుదుట్లోంచే దింపి దాని తలలోకి పోనిస్తాడు. నోరు మూయని సినిమాలో నోరు తెరవని ఒకే ఒక్కడు. బహుశా రొమేరో ఆయన వేషంలో తనే వచ్చి ఉంటాడు.

నిన్న ఆదివారం మావాడికి 'డైరీ' చూపించాను. మైమరిచిపోయాడు. ఆఖరి షాట్‌లో, ఇద్దరు వేటగాళ్ళు సరదాకి జుట్టుతో చెట్టుకు కట్టి కాల్చిన ఆడ శవం మీద, "మనం కాపాడదగ్గవాళ్ళమేనా?" అని గొంతు అడగ్గానే చప్పట్లు కొట్టాడు.

"ఇదీ సినిమా అంటే! అంతా క్లియర్‌గా చెప్పాడు. ఒక్కటే అన్నయ్యా, ఆ పలక పట్టుకున్నాయన అనవసరం. తీసేస్తే ఇంకా బాగుండేది."

నేనేమీ అనలేదు. వంటింట్లో ప్లేట్లు కడుగుతున్న మరదలు కుళాయి కట్టేసి, తడి చేతులతో గుమ్మంలోకి వచ్చింది.

"బావగారూ, పోయిన వారం సినిమాలో కింద గదిలో దాక్కుందామని గొడవ పెట్టాడే, ఆయన చెప్పిందే నిజం కదూ?"