సైటేషన్లతోనే సరా?

స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు జాన్ అయోనిడిస్ బృందం రూపొందించే ‘అగ్రశ్రేణి 2 శాతం శాస్త్రవేత్తల’ జాబితా వెలువడిన ప్రతిసారీ మన విశ్వవిద్యాలయాలు, వైద్య కళాశాలలు తమవాళ్ల పేర్లతో ప్రకటనలు విడుదల చేస్తుంటాయి. చోటు దక్కినవారిని అభినందించాల్సిందే. కానీ ఆ జాబితాకు ఆధారమైన సైటేషన్ల లెక్కే, అంటే ఒకరి పత్రాలను ఎందరు ఉటంకించారన్నదే, ఆ పరిశోధకుడి విలువగా స్థిరపడిపోతోంది. ప్రాణాలతో ముడిపడిన హృద్రోగ పరిశోధనలో ఈ ధోరణి మాకు ఆందోళన కలిగిస్తోంది.

సలీం యూసుఫ్ సంగతే చూడండి. కేరళలోని కొట్టారక్కరలో పుట్టి, బెంగళూరు సెయింట్ జాన్స్‌లో వైద్యం చదివి, ఆక్స్‌ఫర్డ్ మీదుగా కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయానికి చేరిన ఈ హృద్రోగ శాస్త్రవేత్త ప్రపంచంలో అత్యధిక సైటేషన్లు పొందినవారిలో ఒకరు. ఆయన హెచ్-ఇండెక్స్ 200 దాటింది. అంటే, ఆయన పత్రాల్లో కనీసం 200 ఒక్కొక్కటీ 200 సార్లకు తగ్గకుండా ఇతర రచనల్లో ప్రస్తావనకు వచ్చాయన్నమాట. ఎందరో మంచి పరిశోధకులు జీవితమంతా శ్రమించినా 200 పత్రాలు రాయలేరు.

అయినా ఆయన ఘనత ఆ అంకెలో లేదు. 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 52 దేశాల్లో తొలి గుండెపోటుకు గురైన దాదాపు 15 వేల మందిని, ఇంచుమించు అంతేమంది ఆ జబ్బు లేనివారితో పోల్చింది. పొగతాగడం, రక్తపోటు, మధుమేహం, రక్తంలో కొవ్వుల తేడా, బొజ్జ, మానసిక ఒత్తిడి వంటి తొమ్మిది అంశాలే గుండెపోటు ముప్పులో సుమారు 90 శాతానికి మూలమని తేల్చింది. తొలి గుండెపోటు దక్షిణాసియావాసులకు సగటున 53 ఏళ్లకే వస్తోందని, మిగతాచోట్ల అది దాదాపు 59 ఏళ్లని ఆ సమాచారమే చెప్పింది. మనవాళ్లలో ఈ ముప్పులు చిన్న వయసులోనే పోగుపడటం అందుకు ప్రధాన కారణమని తేలింది. ‘మన వంశంలోనే ఉంది, ఏం చేస్తాం’ అని చేతులెత్తేసే కుటుంబాలకు ఇంతకన్నా గట్టి జవాబు లేదు. రక్తపోటు, కొవ్వు మందులను కలిపిన ఒకే మాత్రను ఆస్పిరిన్‌తో పాటు వాడితే గుండెజబ్బుల ముప్పు 31 శాతం తగ్గిందని ఆయన బృందమే 2020లో నివేదించింది. ఆ పరీక్షలో పాల్గొన్నవారిలో దాదాపు సగం మంది భారతీయులు. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ తయారుచేసిన ఇలాంటి మాత్రపై మరో బృందం జరిపిన పరీక్ష ఫలితాలు 2013లోనే వచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఈ తరహా మాత్రలను అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. అవి మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో రోగి చేతికి అందుతున్నాయా అన్నది మాత్రం ఏ ఇండెక్సూ చెప్పదు.

సైటేషన్‌కు మెప్పు, అభ్యంతరం ఒకటే. యూసుఫ్ బృందం 2014లో, ఉప్పు మరీ తగ్గించినవారిలోనూ ముప్పు ఎక్కువగా కనిపించిందని రాసింది. ఒక్కసారి సేకరించిన మూత్ర నమూనాతో రోజువారీ ఉప్పును అంచనా కట్టడం సరికాదని ఎందరో నిపుణులు తప్పుపట్టారు. తప్పుపట్టిన ప్రతి పత్రమూ లెక్కలో ఆయన ఖాతాకే చేరింది. అలాంటి వాదన శాస్త్రానికి అవసరమే. దాన్ని ప్రశంసగా లెక్కగట్టడమే పొరపాటు.

ఆ పొరపాటు ఎంతదూరం తీసుకెళ్తుందో హృద్రోగ పరిశోధకుడు పియెరో ఆన్వెర్సా ఉదంతం చూపింది. ఎముక మజ్జ మూలకణాలు దెబ్బతిన్న గుండె కండరాన్ని తిరిగి పుట్టిస్తాయని 2001లో ఎలుకలపై ప్రయోగాల ఆధారంగా ఆయన బృందం ప్రకటించింది. ఆ పత్రాన్ని ఉటంకించినవారికి లెక్కలేదు. 2004లోనే రెండు బృందాలు ఆ ఫలితం తమకు రాలేదని స్పష్టంగా చెప్పాయి. అయినా నిధులు ఆగలేదు, మనుషులపై ప్రయోగాలూ ఆగలేదు. చివరకు 2018లో, ఆ ప్రయోగశాల నుంచి వచ్చిన 31 పత్రాలను ఉపసంహరించాలని హార్వర్డ్ వైద్య విద్యాలయం, బ్రిగమ్ ఆస్పత్రి పత్రికలను కోరాయి. అప్పటికి నడుస్తున్న ఒక చికిత్సా పరీక్షను అమెరికా ప్రభుత్వం తాత్కాలికంగా నిలిపివేసింది. కుప్పలుగా పోగుపడిన సైటేషన్లు ఆ పదిహేడేళ్లలో ఒక్క రోగికీ రక్షణ ఇవ్వలేదు.

వైద్య కళాశాలల్లో పదోన్నతికి పరిశోధన పత్రాలు తప్పనిసరి చేశాం. రోజంతా ఓపీలో నలిగే అధ్యాపకుడు డబ్బు తీసుకుని అచ్చువేసే పత్రికల వైపు చూస్తే ఆ నేరం అతడొక్కడిదే కాదు. రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య విశ్వవిద్యాలయాలు తమ ఎంపిక సంఘాల పద్ధతి మార్చుకోవాలి. అభ్యర్థి తన అయిదు ఉత్తమ పత్రాలు మాత్రమే ఇవ్వాలి, వాటివల్ల చికిత్సలో ఏం మారిందో తెలుగులోనో ఇంగ్లిషులోనో ఒక్క పేజీలో వివరించాలి. సంఘం సభ్యులు ఆ అయిదూ చదివి తీరాలి. ఉపసంహరణకు గురైన పత్రాల వివరాలు దాచకూడదు. ఇతరుల ఫలితాన్ని మళ్లీ పరీక్షించి, రాలేదని నిజాయతీగా రాసినవారికి కొత్త ఆవిష్కరణతో సమానంగా మార్కులు ఇవ్వాలి. పల్లెపల్లె తిరిగి రక్తపోటు కొలిచి సమాచారం తెచ్చిన నర్సులు, క్షేత్ర సిబ్బంది పాత్రను పత్రంలో పేరుపేరునా నమోదు చేయాలి. వచ్చే నియామకాల ప్రకటన వెలువడేలోగా ఈ నిబంధనలు ఖరారు చేయాలని రెండు ప్రభుత్వాలనూ కోరుతున్నాం.